క్యూసెక్కుల్లో చెప్తే క్యూసెక్కుల్లోనే అర్థం కావాలి

హోస్ట్: అక్కా, మీ నాగావళి వరద లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బటన్లన్నీ ఉన్నాయి కదా. మళ్లీ స్క్రిప్టింగ్, అంటే వాడేవాళ్లే ఆదేశాలు రాసి నడిపించుకోవడం, ఎందుకు?

గెస్ట్: తోటపల్లి బ్యారేజీ నుంచి ఇంత వదిలితే శ్రీకాకుళం వంతెన దగ్గర నీరు ఎంత ఎత్తుకొస్తుందో 200 రకాలుగా చూడాలనుకో తమ్ముడూ, బటన్లు నొక్కుతూ కూర్చోలేం. పైగా రేపు ఎవరికి ఏ లెక్క కావాలో నాకేం తెలుసు? వాళ్లే రాసుకోవాలి.

హోస్ట్: దానికి సొంతంగా భాష తయారు చేశారా?

గెస్ట్: మొదట అదే చేశాను. 'ఇలా ఉంటే అలా చెయ్' అనే ఇఫ్ కావాలన్నారు, ఒకే పని మళ్లీ మళ్లీ చేసే లూప్ కావాలన్నారు, అతుకులు వేస్తూనే ఉన్నాను. ఈ తిప్పలు పాతవే. 1988లో బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ టీసీఎల్ అనే స్క్రిప్టింగ్ భాష మొదలుపెట్టింది ఇందుకే. ఒక్కో టూలుకి ఒక్కో అరకొర భాష ఎందుకు, ఎందులోనైనా ఇమిడే భాష ఒకటుంటే చాలదా అని. నేను పైథాన్ పెట్టాను, మన పిల్లలకి కాలేజీలోనే వచ్చేస్తోంది. లోపల లెక్క మాత్రం సీ ప్లస్ ప్లస్‌లోనే.

హోస్ట్: దాంతో ఇబ్బంది తీరిందా?

గెస్ట్: లేదు, అసలు తప్పు అక్కడే చేశాను. లోపలున్న క్లాసులన్నీ, అంటే నా కోడ్ భాగాలన్నీ, ఉన్నవి ఉన్నట్టు స్క్రిప్టు రాసేవాళ్లకి బయటపెట్టేశాను. ఒక ఇంజనీరు గారు 'ఫ్లో = 50000' అని రాశారు. మన దగ్గర ఎవరైనా క్యూసెక్కుల్లోనే కదా చెప్తారు! ప్రోగ్రామ్ దాన్ని సెకనుకి 50,000 ఘనపు మీటర్లు అనుకుంది. క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగే, అంటే సుమారు 35 రెట్లు ఎక్కువైపోయింది. మ్యాప్‌లో ఊరంతా నీలమే. ఆయన పాపం తన డేటాలోనే తప్పుందని రెండు రోజులు వెతుక్కున్నారు. నాకు చాలా బాధేసింది.

హోస్ట్: ఎలా సరిచేశారు?

గెస్ట్: ఇప్పుడు యూనిట్ లేని అంకెని తీసుకోదు. 'క్యూసెక్కులు(50000)' అని రాయాలి. లేదంటే, '12వ లైన్లో ఫ్లోకి యూనిట్ లేదు, క్యూసెక్కులా, ఘనపు మీటర్లా?' అని అడుగుతుంది. ఎర్రర్ ఆయన రాసిన లైన్ని చూపించాలి, నా కోడ్‌ని కాదు. ఇంకోటి, బటన్లు కూడా అదే స్క్రిప్టు దారిలో నడుస్తాయి. బటన్ నొక్కగానే దాని లైను కింద కనిపిస్తుంది. ఫొటోలు విశ్లేషించే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో, మనం చేసిన పనుల్ని స్క్రిప్టుగా రాసిపెట్టే మాక్రో రికార్డర్ చూశావా, అలాగన్నమాట. ఆ లైన్ కాపీ చేసి లూప్‌లో పెట్టుకోవడమే. ప్రోగ్రామింగ్ అంటే భయపడేవాళ్లు చాలామంది అలాగే మొదలుపెట్టారు.

హోస్ట్: తర్వాత మీరు స్క్రిప్టుల్లో వాడే పేర్లు మారిస్తే?

గెస్ట్: లోపలి కోడ్ ఎన్నిసార్లైనా తిరగరాస్తాను. బయటి పేర్లు ముట్టుకోను. మార్చక తప్పకపోతే, పాత పేరు కూడా హెచ్చరిక ఇస్తూ పనిచేస్తూనే ఉంటుంది. నిరుడు రాసిన స్క్రిప్టు ఈ అక్టోబరులో తుఫాను రాత్రి నడవాలి తమ్ముడూ. ఆ రాత్రి మాన్యువల్ తెరిచే తీరిక ఎవరికుంటుంది?