మా నాన్న హమాలీ

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, శిక్షణ కోసం గుంటూరు వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. ఇంగ్లీషు వాక్యంలోని సబ్జెక్ట్, వెర్బ్, ఆబ్జెక్ట్, కాంప్లిమెంట్, అడ్వర్బియల్ అనే ఐదు భాగాలనూ వరుసగా వివరించాలని కాగితం రాసుకొచ్చాను గాని, నాలుగోదాని దగ్గర నాకొక పాత బాకీ ఉంది.

ముందు సబ్జెక్ట్. మనం 'వచ్చాను' అంటే చాలు, వచ్చిందెవరో చివరి 'ను' చెబుతుంది. 'కేమ్' అనే మాటకు ఆ శక్తి లేదు, ఎవరు వచ్చినా దాని రూపం ఒకటే, కనుక ఇంగ్లీషులో కర్తను విడిగా చెప్పక తప్పదు. వాన కురుస్తోందని చెప్పడానికి సైతం 'ఇట్' అనే డమ్మీ అభ్యర్థిని నిలబెట్టి 'ఇట్ ఈజ్ రెయినింగ్' అంటారు.

ఆబ్జెక్ట్ సంగతి మన రామాయణంతోనే తేలుతుంది. 'రావణుణ్ణి రాముడు చంపాడు' అన్నా, మాటలు అటూ ఇటూ మార్చినా, విభక్తి వదలదు కాబట్టి చచ్చేది రావణుడే. ఇంగ్లీషులో ఆ రెండు పేర్లూ తారుమారైతే రాముడే చస్తాడు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో నామవాచకాలకు విభక్తి ప్రత్యయాలు ఉండేవి. అవి అరిగిపోయాక ఆ బరువంతా పదాల వరుస మీద పడింది.

ఇక నా బాకీ. ఆరో తరగతిలో ఇంటివారిని గురించి రాయమంటే 'మై ఫాదర్ హమాలీ' అని రాశాను. మాష్టారు దాన్ని పైకి చదివారు, తరగతి నవ్వింది, 'ఈజ్' చేర్చి వందసార్లు రాయమన్నారు. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే మా నాన్నను చూసి నవ్వారనే చాలా ఏళ్లు అనుకున్నాను.

తప్పు ఎక్కడిదో నేను పాఠం చెప్పే రోజుల్లో గాని తెలియలేదు. 'మా నాన్న హమాలీ' అనేది క్రియ లేకుండానే నిండు తెలుగు వాక్యం. కాదనవలసి వస్తేనే 'కాదు' అంటాం, అవునన్నప్పుడు ఆ చోట ఏమీ ఉండదు. 'నేను హమాలీని', 'నువ్వు హమాలీవి' అన్నప్పుడు చివరి 'ని', 'వి'లు ఎవరి గురించో చెప్పేస్తాయి. ఇంగ్లీషులో 'హమాలీ' అనే కాంప్లిమెంట్, అంటే కర్త ఎవరో చెప్పే మాట, తనంతట తాను కర్తకు అతకదు, మధ్యలో 'ఈజ్' అనే లింకింగ్ వెర్బ్ ఉండాలి. ఈ మాట వందసార్లు అక్కర్లేదు, ఒక్కసారి చెప్పి ఉంటే సరిపోయేది.

అయ్యా, అమ్మా, మీ చేతిలోని ఎర్ర పెన్నును కాసేపు జేబులో పెట్టుకొమ్మని వేడుకుంటున్నాను. 'ఈజ్' మరిచిన బిడ్డ చేత ముందు ఆ మాటను తెలుగులో పలికించి బోర్డు మీద రాయండి, దాని కింద ఇంగ్లీషు వాక్యం రాసి, ఎక్కడ ఖాళీ ఉందో ఆ బిడ్డనే వేలు పెట్టి చూపమనండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. అడ్వర్బియల్ సంగతి భోజనాల తరువాత చెప్పుకుందాం.