చేప చావకపోతే నీళ్లు మంచివైనట్టేనా?

నమస్తే అండీ. మూసీలో చేపలు తెల్లగా తేలితే అందరం ఫోన్లు పట్టుకుని ఉరుకుతాం, వార్తల్లో వస్తుంది, అధికారులు సీసాల్లో నీళ్లు పట్టుకుపోతారు, నాలుగు రోజులకు మరిచిపోతాం. నాకు అంతకంటే టెన్షన్ పెట్టేది చావని చేప. ఈదుతూనే ఉంటుంది, వలకు పడుతూనే ఉంటుంది, కానీ దాని తీరు మారిపోయి ఉంటుంది.

ఊహించి చెప్తున్నది కాదు ఇది. స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో బయటపెట్టారు. ఆక్సాజెపామ్ అని, ఆందోళన తగ్గడానికి మనుషులు వేసుకునే మందు ఒకటి ఉంది. వేసుకున్న గోలీ అంతా ఒంట్లోనే అయిపోదు, కొంత మూత్రంలో పోతుంది, మురుగు శుద్ధి చేసే ప్లాంటు దాన్ని పూర్తిగా ఆపలేదు, చివరికి నదిలో కలుస్తుంది. లీటరు నీళ్లలో 2 మైక్రోగ్రాములు కూడా లేని ఆ మందులో పెర్చ్ అనే చేపల్ని ఉంచి చూస్తే, ఎప్పుడూ గుంపును వదలనివి విడిగా తిరిగాయి, ఇంకా చురుగ్గా కదిలాయి, మేత గబగబా తినేశాయి. మందు చాలా ఎక్కువ పెట్టినవైతే కొత్త చోటికి జంకు లేకుండా పోయాయి. ఎందుకంటే ఆ మందు మన మెదడులో ఎక్కడ పనిచేస్తుందో, చేప మెదడులోనూ అలాంటి చోట్లే ఉన్నాయి.

ధైర్యం వస్తే మంచిదే కదా అంటారేమో. చిన్న చేపను కాపాడేది దాని భయమే! 2025లో అదే దేశంలో సాల్మన్ చేప పిల్లల మీద క్లోబజామ్‌తో (ఇదీ ఆందోళనకు వాడే మందే) చేసిన పరిశోధనలో, మందు ఎక్కినవి డ్యాములు తొందరగా దాటి సముద్రానికి ఎక్కువగా చేరాయి. వినడానికి బాగుంది, కానీ ల్యాబ్‌లో చూస్తే, మందు ఎక్కిన సాల్మన్ పిల్లలు తినేసే పెద్ద చేప దగ్గర్లో ఉన్నా దగ్గరగా గుంపు కట్టలేదు.

పక్షుల సంగతీ ఇంతే. మన పత్తి చేలల్లో పచ్చదోమకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ తెలుసు కదా, విత్తనానికి పట్టించేదీ అదే. కెనడాలో వలస పిచ్చుకలకు కొంచెం పెడితే ఆరు గంటల్లో బరువు తగ్గాయి, ప్రయాణం సగటున మూడున్నర రోజులు ఆలస్యమైంది. ఆలస్యంగా చేరిన పిట్టకు గూడు కట్టే అదను తప్పిపోవచ్చు.

ఇప్పుడు మన నది దగ్గరికి రండి. హైదరాబాద్ మురుగు, మందుల కంపెనీల వ్యర్థాలు కలిసిన నీళ్లే భువనగిరి, వలిగొండ మీదుగా వచ్చి, కత్వల (చిన్న ఆనకట్టల) దగ్గర నురగ కక్కుతూ పొలాలకు మళ్లి, మిగిలినవి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. ఆ నీళ్లలో మామూలుగా కొలిచేది బీఓడీ (నీళ్లలోని మురికి కుళ్లడానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో చెప్పే లెక్క), ఆక్సిజన్, కోలిఫాం బ్యాక్టీరియా. గోలీల మందులు ఆ లెక్కలోకి రావు. యాంటీబయోటిక్ అవశేషాలు ఇంతకు మించకూడదని 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది, 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేకుండా పోయాయి. నాకైతే ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది, మందులు తయారుచేసే నగరం కిందనే మనం ఉన్నాం కాబట్టి ఇంకా ఎక్కువ.

మూసీలో వల వేసే అన్నలు ఈ వీడియో చూస్తుంటే, జెల్లలు, పరకలు గుంపు కట్టే తీరు గానీ, వలకు చిక్కే వేళ గానీ మునుపటికంటే మారిందా, ఏ ఊరి దగ్గరో కూడా కింద కామెంట్‌లో రాయండి.