క్రిస్మస్ అలంకరణలను వచ్చే డిసెంబరు దాకా భద్రపరచడం

(దృశ్యం: హాల్లో సగం విప్పిన క్రిస్మస్ చెట్టు, నేల మీద దుప్పటి, ఖాళీ అట్టపెట్టెలు)

జనవరి 6న ముగ్గురు జ్ఞానుల పండుగ ముగిశాక మనలో చాలామంది చెట్టు విప్పి, అన్నీ ఒకే పెట్టెలో సర్ది అటక ఎక్కిస్తాం. హైదరాబాదులో ఈ అలవాటు వల్లనే అలంకరణలు ఎక్కువగా పాడవుతాయని నా అభిప్రాయం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో, పై అంతస్తు ఇళ్లలో శ్లాబు కింది అటక రాత్రి పొద్దుపోయే దాకా వేడిగానే ఉంటుంది. ఆ వేడి తగ్గీ తగ్గకముందే వానాకాలపు తేమ మొదలవుతుంది.

(దగ్గరి దృశ్యం: అరచేతిలో ఎర్రని గాజు బంతి)

ఈ బంతి మా అమ్మ చాలా ఏళ్ల కిందట సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కొన్నది. దీని మీద గుండ్రంగా కనిపిస్తున్న చిన్న చిన్న మచ్చలు బబుల్ షీటు అచ్చులు. ఒక సంవత్సరం నేను షీటును నేరుగా చుట్టి అటక మీద పెట్టాను. వేసవి వేడికి రంగు మెత్తబడి షీటుకు అంటుకుంది. అందుకే ముందు తెల్లని టిష్యూ కాగితమో, ఉతికి ఆరబెట్టిన పాత నూలు పంచె ముక్కో చుట్టాలి. వార్తాపత్రిక వాడితే సిరా అంటుతుంది.

బంతిని పైనున్న లోహపు మూత పట్టుకొని ఎత్తకండి; మూత లోపలి తీగ కాళ్లు జారితే బంతి కింద పడుతుంది. కొక్కేలు తీసి వేరే డబ్బాలో వేయండి, లేకపోతే అవి పక్క బంతులను గీస్తాయి. దుమ్మును పొడి గుడ్డతోనే తుడవాలి, ఎందుకంటే మెడ గుండా నీరు వెళితే లోపలి వెండి పూత మచ్చలు పడుతుంది. పండ్ల దుకాణంలో అడిగితే ఆపిల్ పండ్లు పేర్చి వచ్చే గుంతల అట్టలు ఇస్తారు. వాటిని ఒక పూట ఎండలో పెట్టి వాడుకుంటే ఒక్కో గుంతలో ఒక్కో బంతి కదలకుండా కూర్చుంటుంది.

(దృశ్యం: పశువుల పాక, మట్టి బొమ్మలు)

పశువుల పాకలోని గడ్డిని దాచవద్దు, అందులో పురుగులు చేరతాయి. బాల యేసు బొమ్మ చిన్నది కాబట్టి చుట్టిన కాగితంతో పాటు చెత్తలోకి పోయే ప్రమాదం ఉంది. దాన్ని విడిగా చిన్న డబ్బాలో పెట్టి, పైన పేరు రాయండి. థర్మాకోల్ వస్తువుల దగ్గర కలరా ఉండలు వేయకండి, అవి థర్మాకోల్‌ను కరిగిస్తాయి.

దీపాల తీగను అట్టముక్కకు చుట్టాలి. బ్యాటరీతో వెలిగే వాటిలోని సెల్‌లను తప్పనిసరిగా తీసేయాలి, కారిన సెల్ లోపలి లోహపు రేకులను తినేస్తుంది. కొవ్వొత్తులు అటక మీదికి అసలే వెళ్లకూడదు.

మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, మంచం కిందనో బీరువా అడుగునో ఉంచండి. వానలు తగ్గాక, అక్టోబరులో ఒక పొడి రోజు చూసుకొని, పెట్టె తెరిచి ఆ పొట్లాలను మార్చండి.