బ్రిటన్‌కు కొత్తగా వచ్చారా? మన ‘అండి’ని ఇంగ్లీషులో జారవిడవకండి

నమస్కారం. చదువుకో ఉద్యోగానికో బ్రిటన్‌కు కొత్తగా వచ్చిన మన తెలుగువాళ్ళ కోసం ఈ వీడియో. మనం తెలియక చేసే పొరపాట్లలో అన్నిటికంటే పెద్దదానితోనే మొదలుపెడతాను.

వచ్చిన మొదటి వారం ఒక చిన్న కాఫీ దుకాణానికి వెళ్ళాను. ‘నాకు ఒక కాఫీ కావాలి’ అని ఇంగ్లీషులో అడిగాను. కౌంటరు వెనకున్న అమ్మాయి ముఖం బిగుసుకుంది. కాఫీ ఇచ్చింది గానీ నవ్వలేదు. నా వెనకాల వచ్చిన పెద్దాయన అడిగేటప్పుడు ప్లీజ్ అన్నాడు, కప్పు అందుకుంటూ థాంక్యూ అన్నాడు, డబ్బు కట్టాక మళ్ళీ థాంక్యూ అన్నాడు. ఆ అమ్మాయి ముఖం విప్పారింది.

నేనేం తప్పు చేశానో చాలా రోజుల తర్వాత తెలిసింది. మనం ‘కాస్త నీళ్ళివ్వండి’ అంటాం. మర్యాదంతా ఆ ‘అండి’లోనే ఉంది. అదే మాటను ఇంగ్లీషులోకి మారిస్తే ‘అండి’ రాలిపోయి ఉత్త ఆజ్ఞ మిగులుతుంది. అందుకే ‘అండి’ ఉన్న ప్రతిచోటా ప్లీజ్ పెట్టండి. ‘ఇవ్వండి’ అనే చోట ‘ఇస్తారా’ అని అడగండి. లండన్ బయట చాలా ఊళ్ళలో బస్సు ముందు తలుపు నుంచే దిగుతారు, దిగుతూ డ్రైవరుకు థాంక్యూ చెబుతారు. మీరూ చెప్పండి.

ఇక వరుస. బస్టాపులో ముగ్గురు దూరదూరంగా నిలబడి ఫోను చూసుకుంటూ ఉంటారు. వరుస లేదనిపిస్తుంది. ఉంది! ఎవరి తర్వాత ఎవరొచ్చారో అందరికీ గుర్తుంటుంది. మీరు ముందుకు దూరితే ఎవరూ అరవరు. ఒక నిట్టూర్పు వినిపిస్తుంది, అంతే. ఇక్కడ అది గట్టి చీవాట్ల కింద లెక్క. పబ్బులో కౌంటరు దగ్గరా ఇదే పద్ధతి, చిటికె వేసి పిలవకండి. లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో ఎస్కలేటరు మీద కుడివైపు నిలబడండి, ఎడమవైపు నడిచేవాళ్ళకు వదలండి.

ఎవరైనా ‘ఆల్ రైట్?’ అంటే అది మన ‘భోంచేశారా?’ లాంటి పలకరింపు. మీరూ అదే మాట తిరిగి అంటే చాలు. జీతమెంత, పెళ్ళెప్పుడు అని మనం ఆప్యాయంగానే అడుగుతాం, ఇక్కడివాళ్ళకు మాత్రం గుచ్చుకుంటుంది. స్కాట్లాండ్, వేల్స్ వాళ్ళను ఇంగ్లీషువాళ్ళని అనకండి, నొచ్చుకుంటారు.

ఇది జాగ్రత్తగా చూడండి. రెండు టికెట్లు కావాలని వేళ్ళు చూపేటప్పుడు అరచేయి ఇలా అవతలివాళ్ళ వైపు ఉండాలి. చేతి వెనుకవైపు చూపితే అది బూతు.

చివరగా పిలుపులు. ‘ఎప్పుడైనా ఇంటికి రండి’ అన్నది మంచి మాట మాత్రమే. తేదీ చెప్పినప్పుడే అది ఆహ్వానం. 7 గంటలకు రమ్మంటే ఐదు నిమిషాలు ఆలస్యమైనా పరవాలేదు, ముందు మాత్రం వెళ్ళకండి, వంట ఇంకా పొయ్యి మీదే ఉంటుంది. వట్టి చేతులతో వెళ్ళకుండా పూలో చాక్లెట్లో పట్టుకెళ్ళండి. బూట్లు విప్పాలా అని గుమ్మంలోనే అడగండి. మర్నాడు పొద్దున్నే వంట బాగుందని ఒక చిన్న సందేశం పంపండి.