బండి ఎలా ఆగిందో ముందు అడగండి

తమ్ముళ్లూ, మిస్సింగ్ అని, అంటే ఇంజను నడుస్తూ తడబడి ఆగిపోతోందని మోటార్‌సైకిల్ బండి వస్తే చాలు స్పార్కు ప్లగ్గు మార్చడం, తగ్గకపోతే పెట్రోలు, గాలి కలిపే కార్బురేటర్ విప్పడం, అదీ కాకపోతే ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్ మీద పడటం మన ఒంగోలు షెడ్లలో అలవాటైపోయింది. డబ్బులేమో బండాయనవి. స్పానర్ పట్టుకునే ముందు ఆయన్నే అడగండి: అన్నా, ఎట్టా ఆగింది? తాళం తీసేసినట్టు టక్కున ఆగిందా, జర్కులు కొట్టి కొట్టి నీరసంగా ఆగిందా? టక్కున ఆగితే చాలావరకు కరెంటు వైపు, గుంజుకుంటూ ఆగితే పెట్రోలు వైపు. ప్రతిసారీ ఇంతేనని కాదు గానీ, సగం వెతుకులాట అక్కడే తగ్గిపోతుంది.

ఇంకో రకం ఉంది. కావలిలో బాగానే బయల్దేరుతుంది, సింగరాయకొండ దగ్గరకొచ్చేసరికి ఆగుతుంది, కాసేపు చెట్టు కింద పెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. దీనికి అనుమానాలు రెండు. ట్యాంకు మూతకి గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది కదా, అది దుమ్ముతో మూసుకుపోతే పెట్రోలు దిగేకొద్దీ లోపల గాలి చాలక ధార ఆగిపోతుంది. ఆగిన చోటే మూత తెరిస్తే స్స్... మని గాలి పీల్చుకుని, వెంటనే స్టార్టయిందంటే దొంగ దొరికినట్టే. ఆ చప్పుడు లేదంటే వేడెక్కి చెడింది ఆ కాయిలో, స్పార్కు ఎప్పుడు పడాలో చెప్పే పల్సర్ కాయిలో చూడాలి. చిక్కేమిటంటే షెడ్డుకొచ్చేసరికి అది చల్లారిపోతుంది, స్పార్కు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, మనమేమో కాయిల్ మంచిదేనని పంపించేస్తాం. ఇంజను వేడిమీద ఉన్నప్పుడే చూడండి, ప్లగ్గు లోహాన్ని ఇంజనుకి గట్టిగా ఆనించి, పెట్రోలు చిందిన చోటికి దూరంగా.

చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండయితే ముందు ఎయిర్ ఫిల్టర్ తీయండి. గ్రానైట్ పొడి పట్టి గాలి అందకపోతే ప్లగ్గు మసిబారుతుంది, కొత్త ప్లగ్గేసినా నాలుగు రోజులకి మళ్లీ నలుపే. కొత్తపట్నం బండ్లయితే ఉప్పుగాలి కదా, ఎర్త్ వైరు బోల్టు విప్పి తుప్పు గీకండి. వానలో మాత్రమే మిస్సయ్యేవాటికి ప్లగ్ క్యాప్ చూస్తే సరి.

రూపాయి ఖర్చులేని పరీక్ష ఒకటుంది, ఎవరూ చేయరెందుకో. బండి ఐడ్లింగ్‌లో పెట్టి హ్యాండిల్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. ఒక వైపు తిప్పగానే ఆగితే, మెడ దగ్గర నలిగిన వైరు లోపల తెగినట్టే, పైన తొడుగు మాత్రం కొత్తదానిలా ఉంటుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (పొగ తగ్గించే కొత్త నిబంధన) బండ్లు చాలావరకు ఇంజెక్షనే, అంటే కార్బురేటర్ బదులు పెట్రోలు కొలిచి చిమ్మేవి. వాటిలో ముందు మీటర్లో ఇంజన్ లైటు చూడండి. సైడ్‌స్టాండ్ సెన్సర్ ఉన్నవైతే స్టాండు స్ప్రింగు కూడా లాగి చూడండి. అది వదులైతే స్పీడ్ బ్రేకర్ మీద స్టాండు కిందికి ఊగుతుంది, గేర్లో ఉన్న ఇంజను అక్కడే ఆగిపోతుంది. స్ప్రింగు మార్చాల్సిన బండికి ఈసీయూ, అంటే ఇంజనుని నడిపే కంప్యూటర్ మార్చాలని చెప్పకండి.