చెరసాలలో పుట్టిన ఆనందం

గురువులకు, సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులందరికీ వందనములు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు నాలుగు వారాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు గానీ, నేను మూడవ ఆదివారం దగ్గరే ఆగిపోతాను, మన్నించండి.

ఊదా రంగు కొవ్వొత్తుల నడుమ గులాబీ రంగు కొవ్వొత్తిని వెలిగించే ఆ ఆనందపు ఆదివారానికి, "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన మాటే ఆధారం. బ్రతుకుతానో చస్తానో తేలని బంధకాలలో ఉండి ఆయన అది వ్రాశాడన్న సంగతి విడిచిపెట్టి, మాటను మాత్రం పట్టుకొనిపోయి దుఃఖంలో ఉన్నవారికి ఆజ్ఞగా వినిపిస్తున్నాము.

మా అన్నయ్యను సమాధి చేసిన డిసెంబరులో, ఇంటికి ప్రార్థనకు వచ్చిన ఒక పెద్దమనిషి, మా వదిన కళ్ళు తుడుచుకోవడం చూసి, "పండుగ నెలలో విశ్వాసులు ఇలా ఏడవకూడదమ్మా" అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, పాట ముగిసేవరకు అలాగే కూర్చున్నది. లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచిన ప్రభువును ఆయన ఏ లెక్కలో వేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆరాధనలో చదివే లేఖన భాగాల మూడేళ్ల క్రమంలో ఒక ఏడాది ఈ ఆదివారానికి వచ్చే సువార్త మత్తయి 11వ అధ్యాయం. రాబోవువాడవు నీవేనా, మరొకరి కోసం కనిపెట్టాలా అని, చెరలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను తన శిష్యుల చేత యేసును అడిగించాడు. యేసు ఆయనను గద్దించలేదు. గుడ్డివారికి చూపు వస్తున్నదని, బీదలకు సువార్త అందుతున్నదని కబురు పంపి, జనం ఎదుట యోహానును గొప్పచేసి మాట్లాడాడు. చెర తలుపు మాత్రం తెరుచుకోలేదు. హేరోదు రాజు యోహాను తల తీయించాడు. గమనించండి, సంఘం ఈ పాఠాన్ని చదివేది ఆనందపు ఆదివారం నాడే!

1943 నవంబరులో బెర్లిన్‌లోని టేగెల్ చెరసాల నుంచి స్నేహితునికి వ్రాస్తూ, బయటి నుంచే తెరవవలసిన తలుపు గల చెరగది ఆగమన కాలానికి తగిన పోలికేనన్నాడు, నాజీలు బంధించిన జర్మన్ బోధకుడు డీట్రిష్ బోన్‌హోఫర్. 1945 ఏప్రిల్‌లో ఆయనను ఉరితీశారు. అటువంటి గదిలో కూడా ఎదురుచూడగలిగినవాడికి ఉన్నదే నేను చెప్పే ఆనందం. కన్నీళ్లు ఆపుకుంటే వచ్చేది కాదది.

మనం వెలిగించే కొవ్వొత్తుల వలయమైనా ఎక్కడిది? క్రిస్మస్ ఎప్పుడని రోజూ అడిగే బీద పిల్లల కోసం, 1839లో హాంబర్గ్‌లో విఖెర్న్ అనే బోధకుడు బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలిపాడని చెబుతారు. అడగవద్దని ఆయన వారి నోరు మూయించలేదు.

కాబట్టి పెద్దలారా, ఈ ఏడు ఆప్తులను పోగొట్టుకున్నవారిని ఆ ఆదివారం సాక్ష్యం చెప్పమని నిలబెట్టకండి. వారికి ఇష్టమైతే గులాబీ కొవ్వొత్తిని వారి చేతనే వెలిగించండి. పాడలేక వెనుక వరుసలో కూర్చొని, ఆరాధన ముగియకముందే వెళ్లిపోతే, కారణం అడగకండి.