కాయిన్ కంటే ముందు హ్యాష్

అందరికీ నమస్కారం. ఈ బ్లాక్‌చైన్ ఎలక్టివ్ ఎందుకు తీసుకున్నారని అడిగితే కొందరు ఉద్యోగాలున్నాయన్నారు, కొందరు బిట్‌కాయిన్ రేటు చెప్పారు. రెండూ తప్పు కాదు. కానీ మొదటి నెలంతా మనం కాయిన్ ఊసెత్తం. హ్యాష్ దగ్గర మొదలుపెడదాం.

ఈ రాత్రి పైథాన్ తెరిచి, హ్యాష్ లెక్కకట్టే షా-256 అనే పద్ధతికి 'హలో' అనే ఇంగ్లిష్ మాటను చిన్నక్షరాలతో ఇవ్వండి. అంకెలూ అక్షరాలూ కలిపి 64 గుర్తుల వరుస వస్తుంది. 2సీఎఫ్24 అని మొదలవుతుంది. ఇప్పుడు మొదటి హెచ్ ఒక్కదాన్నీ పెద్దక్షరం చేయండి. 185ఎఫ్8 అని మొదలవుతుంది. రెండింటికీ పోలికే ఉండదు. మీ హాస్టల్ గదిలో చేసినా, అమెరికాలో ఉన్న మీ అక్క చేసినా ఇవే వరుసలు వస్తాయి. ఆ వరుస నుంచి అసలు మాటను వెనక్కి లెక్కకట్టే దారి ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

ఈ వరుసే హ్యాష్. దీన్ని ముద్ర అందాం. ఒక లెక్కల పుస్తకంలో ఒక పేజీ ముద్రను తర్వాతి పేజీ నెత్తిన రాస్తూ పోతే అదే గొలుసు. బ్లాక్‌చైన్‌లో బ్లాక్ అంటే పేజీ, చైన్ అంటే ఈ గొలుసు. రెండో పేజీలో 40ని 400 చేసినవాడు మూడో పేజీ నెత్తిన ఉన్న ముద్రనూ మార్చాలి. అది మారితే నాలుగోది, ఆ తర్వాత ఐదోది. ఆ పుస్తకం నకళ్లు ఊళ్లో వంద ఇళ్లలో ఉంటే ఎన్ని ఇళ్లలో దూరగలడు?

ఈ ఆలోచన బిట్‌కాయిన్‌తో పుట్టలేదు. ఒక డాక్యుమెంట్ ఫలానా రోజుకే ఉందని ఎలా రుజువు చేయాలన్న ప్రశ్నకు జవాబుగా స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు పరిశోధకులు 1991లో దీన్ని రాశారు. 1995 నుంచి వాళ్ల కంపెనీ వారం వారం ఒక ముద్రను న్యూయార్క్ టైమ్స్‌లో చిన్న ప్రకటనగా వేయించింది. లక్షల ఇళ్లకు చేరిన పేపర్‌ను ఎవరు దిద్దగలరు? ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. బిట్‌కాయిన్‌ను ప్రతిపాదిస్తూ సతోషి నకమోటో పేరుతో 2008 అక్టోబర్ 31న వచ్చిన తొమ్మిది పేజీల పత్రంలో ఎనిమిది రిఫరెన్సులుంటే, మూడు వీళ్ల పనివే.

మరి సతోషి కొత్తగా చేసిందేమిటి? ఒకరినొకరు ఎరగని జనంలో తర్వాతి పేజీ ఎవరు రాయాలో తేల్చింది. పేజీకి ఏ సంఖ్య చేరిస్తే దాని ముద్ర నాలుగు సున్నాలతో మొదలవుతుందో వెతకమన్నామనుకోండి. అది ముందు దొరికినవాళ్లే ఆ పేజీ రాస్తారు. సగటున 65,536 సార్లు ప్రయత్నించాలి. దొరికినదాన్ని సరిచూడటానికి ఒక్కసారి చాలు. బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకు ఒక బ్లాక్ వచ్చేలా ప్రతి 2016 బ్లాకులకూ ఈ కష్టాన్ని సర్దుతారు. ఎథీరియం అనే మరో బ్లాక్‌చైన్ 2022 సెప్టెంబర్‌లో ఈ పద్ధతినే వదిలేసింది. దాని గురించి తర్వాత ఒక క్లాసు ఉంటుంది.

ఏటా ఒక టీమ్ వచ్చి, "భూమి రికార్డులన్నీ బ్లాక్‌చైన్‌లో పెడితే గొడవలే ఉండవు సార్" అంటుంది. నాకు మా తాతగారి పొలం గుర్తొస్తుంది. ఎక్కించేటప్పుడు జరిగిన పొరపాటుతో ఆ సర్వే నంబరు పక్కన వేరే పేరు పడింది. దాన్ని దిద్దించడానికి మా నాన్న కాగితాల సంచి పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగారు. ఆ పేరును బ్లాక్‌చైన్‌లో ఎక్కించి ఉంటే ఏమయ్యేది? ఆ తప్పే భద్రంగా నిలిచిపోయేది. రాసిందాన్ని ఆ తర్వాత ఎవరూ దొంగచాటుగా మార్చలేదని గొలుసు చెప్పగలదు. రాసింది నిజమని మాత్రం చెప్పలేదు. దిద్దుబాటు ఎవరి సంతకంతో ఎక్కాలి? పాత ఎంట్రీ ఎలా కనిపించాలి? రాసేది ఒక్క ఆఫీసే అయితే మామూలు డేటాబేస్ చాలదా? ఈ మూడింటికీ జవాబులు రాసి తెచ్చిన టీమ్‌తోనే నేను కోడ్ గురించి మాట్లాడతాను.

మధ్యాహ్నం ల్యాబ్‌కు ల్యాప్‌టాప్ వద్దు, తెల్లకాగితాలు, పెన్ను తెచ్చుకోండి. ఐదుగురేసి కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పేజీ లెక్క రాయండి. పేజీలోని మొత్తాలన్నీ కూడి, పైనున్న ముద్రనూ కలిపి, 97తో భాగించగా మిగిలిన శేషమే ఆ పేజీ ముద్ర. తర్వాత ఒకరు బయటికెళ్తారు, మిగతావాళ్లు ఒక చోట అంకె మారుస్తారు. 40ని 400 చేస్తే దొరికిపోతారు. 137 చేస్తే మాత్రం దొరకరు. ఎందుకో రెండు గంటలకు మీరే నాకు చెప్పాలి.